పాటకీ పాటకీ మధ్య మైకు ఎవరిది?

మైక్‌సెట్ మావయ్య జవాబులు

(విజయనగరంలో చాలా ఏళ్లు మైక్‌సెట్ నడిపి, ఇప్పుడు షాపు కొడుక్కి అప్పజెప్పి అరుగు మీద కూర్చున్న మావయ్య, పాటలూ సౌండూ గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: మావయ్యగారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ డీజే కొడతాను. ఆరు నెలల నుంచి శని, ఆదివారాలు విశాఖపట్నంలో ఒక క్లబ్బులో కూడా వాయిస్తున్నాను. అక్కడ మేనేజరుగారు మైకు ముట్టుకోవద్దంటున్నారు. నేను మాట్లాడితే డాన్స్ చల్లబడిపోతోందట. ఊళ్లో పెళ్లికెళ్లి అలాగే గమ్మున ఉంటే, "ఏటి బావూ, నోట్లో బెల్లంముక్క ఎట్టుకున్నావా?" అంటున్నారు. మా తోటి డీజేల్లో ఒకడు అసలైన డీజే మాట్లాడడంటాడు. ఇంకొకడు మాట్లాడని డీజేకీ పెన్‌డ్రైవ్‌కీ తేడా లేదంటాడు. వీళ్లలో ఎవరి మాట వినమంటారు?
— ఒక డీజే కుర్రాడు, శ్రీకాకుళం (పేరు వెయ్యొద్దన్నాడు)

జవాబు: బాబూ, ఆ పెన్‌డ్రైవ్ మాట అన్న కుర్రాడికి నా లెక్కలో ఒక టీ ఇప్పించు. మాట బాగుంది. నిజం మాత్రం సగమే.

నేను 1984లో మా పెదనాన్న దగ్గర పనిలో చేరాను. గంటస్తంభం వెనక సందులో షాపు. సామాను ఏముందీ, రెండు గొట్టం స్పీకర్లు, ఒక ఆహూజా యాంప్లిఫయరు, ఒక మైకు, రేకుపెట్టె నిండా రికార్డులు, వాటికి ఒక్కటంటే ఒక్క ప్లేయరు. పాట అయిపోగానే సూది ఎత్తాలి, ప్లేటు తియ్యాలి, కవర్లో దూర్చాలి, ఇంకోటి వెతికి గుడ్డతో తుడిచి పెట్టాలి, మళ్లీ సూది దించాలి. ఎంత చురుగ్గా చేసినా అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం పందిట్లో చప్పుడు లేకపోతే, కరెంటు పోయిందేమోనని పెళ్లివారు పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి చూసేవారు. అందుకని పెదనాన్న ఒక చేత్తో ప్లేటు తుడుస్తూ రెండో చేత్తో మైకు పట్టుకుని, "అక్షింతలకి అందరూ రావాలి, చిన్నపిల్లల్ని గాడిపొయ్యి దగ్గరికి పంపొద్దు" అంటూ ఏదో ఒకటి చెబుతుండేవాడు. మా ఇంట్లో మైకులో మాట్లాడే విద్య అలా పుట్టింది. రెండో ప్లేయరు ఉండి ఉంటే పుట్టేది కాదేమో.

ఈ రెండో ప్లేయరు సంగతి మా అల్లుడు చెబితే తెలిసింది. 1953లో పారిస్‌లో రెజీన్ అనే ఆవిడ ఒక క్లబ్బులో రెండు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా చేశారట. ఆ పని తనే మొదట చేశానని ఆవిడ చెప్పుకునేవారు. ఎవరు మొదలైతే నాకేం గానీ, పని మాత్రం ఆ రోజుతో మారిపోయింది. నీ క్లబ్బులో ఇప్పుడు జరిగేది కూడా అదే కదా. మొదటి పాట ఇంకా నడుస్తుండగానే దాని వేగంతో కలిపి రెండోది లోపలికి దించుతావు. రెండూ కాసేపు కలిసి నడుస్తాయి, తర్వాత మొదటిది తప్పుకుంటుంది. ఇందులో పాటకీ పాటకీ మధ్య అనే చోటు ఎక్కడుంది? నీ మేనేజరుగారు కసురుకున్నారని బాధపడకు. లేని సందులో నువ్వు మంచం వేస్తున్నావని ఆయన గోల.

లెక్క వేసి చూపిస్తాను. నిమిషానికి 128 దెబ్బల పాట అనుకో. నాలుగు దెబ్బలు ఒక బార్. ఎనిమిది బార్లంటే సరిగ్గా 15 సెకన్లు, పదహారు బార్లంటే 30. పాట మొదట్లో వట్టి దరువు ఉండే భాగం చాలాసార్లు ఇంతే. నువ్వు "హలో హలో వైజాగ్, ఎలా ఉన్నారు, అందరూ ఓకేనా, సౌండ్ వినబడుతోందా" అనేసరికి అందులో సగం అయిపోయింది. వినబడుతోందా అని అడగడం ఎందుకు బాబూ? వినబడకపోతే నువ్వు అడిగింది కూడా వాళ్లకి వినబడదు కదా!

అందుకని క్లబ్బులో నోరు కట్టేసుకోవాలా అంటే, ఆ మాటా నేననను. న్యూయార్క్‌లో డేవిడ్ మంకూసో అనే ఆయన 1970 నుంచి తన ఇంట్లోనే డాన్సు పార్టీలు పెట్టేవాడు. దానికి లాఫ్ట్ అని పేరు. మాటల్లేవు, పాటని మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా వేసేవాడు. తర్వాత రోజుల్లో ఒక పాటలో ఇంకోటి కలపడం కూడా మానేశాడు. రికార్డు చేసినవాడు చెప్పాలనుకున్నది అందులోనే ఉంది, మధ్యలో మనమెవరం అన్నట్టు. అసలైన డీజే మాట్లాడడనే నీ స్నేహితుడికి ఇంతకన్నా గట్టి సాక్షి దొరకడు.

కానీ ఆ ఊళ్లోనే, మూడేళ్లకే, ఇంకో కథ జరిగింది. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ పేటలో ఒక అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఒక పిల్ల పార్టీ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పుట్టింది జమైకాలో. పాటలో అందరూ ఊగిపోయే దరువు ముక్క ఎక్కడుందో చూసి, ఒకే రికార్డు రెండు కాపీలతో ఆ ముక్కనే తిప్పి తిప్పి సాగదీసేవాడు. పక్కన అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తూ ప్రాస కలిపి నాలుగు ముక్కలు అనేవాడు. ఇప్పుడు మన పిల్లలు పగలూ రాత్రీ వినే ర్యాప్‌కి వేరు అక్కడే ఉంది. జమైకాలో అయితే ఇది అంతకుముందు నుంచే ఉన్న అలవాటు. అక్కడ రికార్డు ఎంచి వేసేవాడు సెలెక్టర్. డీజే అంటే మైకులో మాట్లాడేవాడు! 1970లో యూ రాయ్ అనే ఆయన వేరేవాళ్ల పాటల మీద మాట్లాడుతూ చేసిన రికార్డులు ఆ దేశంలో మోగిపోయాయి. నీ స్నేహితులిద్దరూ కింగ్‌స్టన్‌లో పుట్టి ఉంటే ఈ తగువే ఉండేది కాదు. ఒకడు సెలెక్టరు, ఒకడు డీజే, సాయంత్రానికి ఇద్దరూ కలిసి పనికి వెళ్లేవారు.

అంత దూరం ఎందుకు, మన ఊరే చూడు. ఆదిభట్ల నారాయణదాసుగారు ఈ విజయనగరంలోనే హరికథ చెప్పారు. 1919లో ఇక్కడ సంగీత పాఠశాల పెడితే మొదటి అధ్యక్షులు ఆయనే. హరికథలో పాట ఎంత ఉంటుందో మాట అంత ఉంటుంది. కీర్తన పాడతారు, ఆపుతారు, ఒక పిట్టకథ చెప్పి కడుపుబ్బ నవ్విస్తారు, ఆ నవ్వు ఆరకముందే మళ్లీ శ్రుతి అందుకుంటారు. మన జముకుల కథ చూడు, పాడేవాడు ఒకడు, "ఆఁ, ఏటయిందేటి?" అని అడిగేవాడు ఇంకొకడు. అడిగేవాడు లేకపోతే కథ నడవదు. మనవాళ్ల చెవికి మాట కావాలి బాబూ. పెళ్లిలో నిన్ను బెల్లంముక్క అని వెక్కిరించినవాళ్ల తప్పేమీ లేదు.

అయితే మాట ఎక్కడ పడాలో తెలియకపోతే ఏమవుతుందో, నా నెత్తి మీద పడింది చెబుతాను.

1991లో నెల్లిమర్ల దగ్గర ఒక పల్లెలో పెళ్లి. భోజనాలవుతున్నాయి, చదివింపులు మొదలయ్యాయి. అప్పట్లో చదివింపులు మైకులో చదివితేనే చదివింపులు. ఒక గొట్టం కొబ్బరిచెట్టుకి, ఒకటి రామాలయం మీద కట్టాం. చీటీలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పెదనాన్న టిఫిన్‌కి వెళ్లాడు, మైకు నా చేతిలో ఉంది. కుర్రతనం కదా, పాట ఆపడం ఎందుకు, పాట మీదే చదివేస్తే దర్జాగా ఉంటుందనిపించింది. సౌండు కొంచెం తగ్గించి చదవడం మొదలుపెట్టాను. పెళ్లికూతురి మేనమామ చీటీ వచ్చేసరికి పాటలో వాయిద్యం అయిపోయి చరణం ఎత్తుకుంటోంది. చరణం అందుకునేలోపు ముగించాలని ఆత్రంలో, చీటీ మీద 1116 ఉంటే "నూట పదహార్లు" అనేశాను. ఊరంతా విన్నది.

ఆయన ఆకు ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. పప్పు అంటిన చేత్తోనే నా బల్ల దగ్గరికి వచ్చి, "నా వెయ్యి రూపాయలు ఏటయ్యాయిరా?" అన్నాడు. అరవలేదు, అదే నాకు భయం వేసింది. వెనకాలే ఆయన అన్నదమ్ములు నలుగురు నిలబడ్డారు. ఈలోగా పెదనాన్న పరుగున వచ్చి, నా చేతిలో మైకు తీసుకుని, సూది ఎత్తేసి, పూర్తిగా నిశ్శబ్దం అయ్యేదాకా ఆగాడు. అప్పుడు మూడుసార్లు చెప్పాడు: ఫలానా వారు చదివించింది వెయ్యి నూట పదహార్లు, తప్పు చదివింది మైక్‌సెట్ కుర్రాడు. మూడోసారి అయ్యాక ఆయన వెళ్లి ఆకు ముందు కూర్చున్నాడు. పెరుగు వడ్డించారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంటికొచ్చాక పెదనాన్న అన్నది ఒక్కటే. "ఆడి డబ్బు పోలేదురా, పేరు పోయింది. పేరు చదివేటప్పుడు పాట ఉండకూడదు."

ఆ మాట పట్టుకుని నేను పెళ్లిళ్లలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. చెప్పవలసిన కబురు ఉంటేనే మైకు తీస్తాను. మనిషి పేరు, భోజనాల పిలుపు, తప్పిపోయిన పిల్లాడు, దారికి అడ్డంగా పెట్టిన బండి నంబరు, వీటన్నిటికీ పాట ఆపేస్తాను. తర్వాత వచ్చే పాట ఎవరడిగారో చెప్పాలంటే మాత్రం ఆపను, పాట ముందు వాయిద్యంలోనే చెప్పి పల్లవికి ముందు తప్పుకుంటాను. ఇది రేడియో వినీ వినీ వచ్చింది. సిలోన్ రేడియోలో తెలుగు పాటలకి మీనాక్షి పొన్నుదురైగారు, హిందీ పాటలకి అమీన్ సయానీగారు. 1952లో మొదలైన ఆయన గీత్‌మాలా ప్రోగ్రాంకి జనం పాటల కోసం ఎంత కూర్చున్నారో, తర్వాత ఏ పాటో ఆయన చెప్పే మాట కోసమూ అంతే కూర్చున్నారు. వాళ్లెప్పుడూ పాడేవాళ్ల గొంతు మీద కాలు పెట్టలేదు.

మరి "చేతులు పైకెత్తండి", "గట్టిగా అరవండి", "ఇంకా గట్టిగా"? వీటిలో కబురేముంది? నా అనుమానం, ఆ సమయంలో కుర్రాడికి తర్వాత ఏ పాట వెయ్యాలో తోచక టెన్షన్‌లో ఉంటాడు. ఆ టెన్షన్ మైకులోంచి బయటికొస్తుంది. నువ్వలా చేస్తావని కాదు. చేస్తే మానెయ్.

క్లబ్బు విషయంలో మేనేజరుగారి మాట విను. ఒక్కటి మాత్రం ఆయనతో ఒప్పించుకో. మైకు ముట్టుకోకపోయినా, అది చేతికందేలా, ఒక్క బటన్ తిప్పితే పనిచేసేలా ఉండాలి. నీ మిక్సర్లో టాక్‌ఓవర్ ఉంటే అది నొక్కగానే పాట సౌండు దానంతటదే తగ్గి నీ మాట పైకి వస్తుంది. మైకు ఛానల్లో బేస్ బాగా తగ్గించుకో, లేకపోతే కింద బేస్ బాక్సుల హోరులో నీ గొంతు కలిసిపోయి ఒక్క ముక్కా అర్థం కాదు. మైకు తలమీద జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోకు, నోటికి రెండు వేళ్ల దూరం చాలు. ఇదంతా ఎందుకంటే, పొగ వచ్చినా, ఎవరైనా పడిపోయినా, చీకట్లో మూడొందల మందికి తలుపు ఎటుందో చెప్పగలిగేది ఆ గదిలో నువ్వొక్కడివే. సిరిమాను సంబరానికి ఒక ఏడాది మూడు లాంతర్ల దగ్గర మా మైకు కట్టాం. ఆకుపచ్చ గౌను పిల్ల, ఆరేళ్లుంటాయి, ఏడుస్తూ మా బల్ల కిందికి దూరింది. పేరడిగితే చెప్పదు. "మీ అమ్మ ఏమని పిలుస్తుందమ్మా?" అంటే "బుజ్జి" అంది. ఆ జనంలో బుజ్జిలు ఎంతమందో! ఆకుపచ్చ గౌను, ఎడమకాలికి మాత్రమే పట్టీ, అని చెబుతూనే ఉన్నాను. నాలుగోసారి చెప్పేసరికి వాళ్ల నాన్న వచ్చాడు, చేతిలో రెండో పట్టీ పట్టుకుని. ఆ రోజు నేను ఎన్ని పాటలు వేశానో గుర్తులేదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది విజయనగరం దాసన్నపేట. మా అమ్మాయి పెళ్లికి ముందురోజు సంగీత్‌కి డీజే మాట్లాడాం. ఈ మధ్య మా బంధువుల ఇంట్లో చూశాను, ఆ అబ్బాయి పాటల మధ్య ఆగకుండా మాట్లాడి, పెళ్లికొడుకు పేరు తప్పు పలికి, వాళ్ల మామ్మగారిని డాన్స్ చెయ్యమని మైకులో బలవంతపెట్టాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు. మా ఇంట్లో అలా జరగకుండా ముందే ఏం చెప్పాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, నోటితో చెప్పకండి, కాగితం మీద రాసివ్వండి. ఎవరి పేర్లు పిలవాలి, ఏ వరసలో పిలవాలి, ఏ పేరు ఎలా పలకాలి, అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఇంగ్లీషులో రాస్తే పద్మ కాస్తా పదమ అవుతుంది. కాగితం కింద ఇంకో నాలుగు పేర్లు రాసి, "వీరిని పిలవొద్దు" అని గీత గీయండి. మోకాళ్ల నొప్పులవాళ్లు, ఈమధ్య ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, మొహమాటస్థులు ఆ గీత కింద ఉండాలి. డీజే దగ్గరికి చీటీ పట్టుకెళ్లే పని ఇంట్లో ఒక్కరికే ఇవ్వండి. మేనల్లుడైతే మంచిది. ప్రతివాళ్లూ వెళ్లి చెవిలో చెబితే ఎంత తెలివైన కుర్రాడైనా తికమక పడతాడు.

సంగీత్ మేడ మీదో, ఇంటి ముందు షామియానాలోనో అయితే రాత్రి 10 గంటలకి ఆపించండి. 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది, పగలు పెట్టడానికీ పర్మిషన్ కావాలి. పోలీసులు వచ్చి ఆపితే పెళ్లివారి ముందు మొహం చిన్నబోతుంది. తొమ్మిదిన్నరకి ఆఖరి పాటని ముందే చెప్పి ఉంచండి, పది లోపు ముగుస్తుంది. డీజే కుర్రాళ్ల గడియారం మన గడియారం కన్నా అరగంట వెనక నడుస్తుంది. మా అబ్బాయిది కూడా అంతే.

మామ్మగార్లకి బాక్సుల ఎదురుగా కుర్చీలు వెయ్యకండి. వెనక వరసలో, పక్కకి. అక్కడ కూర్చుంటే వాళ్లే తాళం వేస్తారు, ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు.

ప్రశ్న: సార్, నేను రాజాంలో డిగ్రీ చదువుతున్నాను. ఫోన్లో, లాప్‌టాప్‌లో డీజే సాంగ్స్ మిక్స్ చేస్తుంటాను. పాట మధ్యలో "డీజే ఫలానా, ఫ్రమ్ రాజాం" అని నా పేరు గొంతుతో పెడతాను, లేకపోతే వేరేవాళ్లు ఎత్తుకుపోతున్నారు. మా అన్నయ్య విని, పాట కన్నా నీ పేరే ఎక్కువ ఉందంటున్నాడు. ఎన్నిసార్లు పెట్టొచ్చు?
— ఒక విద్యార్థి

జవాబు: నువ్వు పంపిన పాట మా అబ్బాయి ఫోన్లో పెట్టి వినిపించాడు. దరువు బాగుంది నాయనా, రెండో నిమిషంలో డప్పు ఒక్కటే వదిలిన చోటు చాలా బాగుంది. ఎత్తుకుపోతారన్న నీ భయమూ నాకు అర్థమైంది. మా రోజుల్లో రికార్డు కవర్ల మీద షాపు రబ్బరు స్టాంపు కొట్టేవాళ్లం. అయినా పోయేవి.

కానీ పేరు పెట్టడంలో ఒక పాత మర్యాద ఉంది. త్యాగరాజస్వామి అంతటివారు కీర్తనలో తన పేరు చివరి చరణంలో పెట్టుకున్నారు, అదీ ఒక్కసారి. ఆయన కీర్తన ఎవరు పాడినా ఆ పేరు దాటి వెళ్లలేరు. నీ పాటలో నేను లెక్కపెట్టాను, పల్లవి రాకముందే నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారికి మా మనవరాలు, "తాతయ్యా, ఈ రాజాం బస్సు ఎప్పుడు బయల్దేరుతుంది?" అని అడిగింది.